గుమ్మం దగ్గర నీలం చెప్పులు

ముందు ఆమె గొంతు సంగతి చెప్పుకోవాలి. గొంతు మంచిదే, కానీ పాట ఎత్తిందంటే ఎక్కడో ఇంటికప్పు మీద ఎత్తేది. పల్లవి దాకా జనం ఎలాగో దాన్ని పట్టుకుని వేలాడేవారు. చరణం వచ్చేసరికి ఒక్కొక్కరే చేతులెత్తేసేవారు. పెళ్ళయి ఆ ఇంటికొచ్చిన మొదటి ఆదివారమే ఆ ముచ్చట అందరికీ తెలిసిపోయింది. ఆ ఇంట్లో జరిగే ప్రార్థన కూడికలో ఎప్పుడూ పాడే ఆవిడకి ఆ రోజు జ్వరం. "మా కోడలు పాడుతుంది" అని అత్తగారు ముందూ వెనకా చూసుకోకుండా అనేసింది. కోడలు కళ్ళు మూసుకుని ఎత్తేసింది. ముందు వరసలో అందుకోబోయిన ఒక పెద్దాయనకి దగ్గొచ్చింది. అప్పుడు డోలక్ ముందు కూర్చున్న కొత్త పెళ్ళికొడుకు దెబ్బ కాస్త నిదానం చేసి, తన బొంగురు గొంతుతో పల్లవిని కింద నుంచి అందుకుని, ఆ పాటని మెల్లగా మనుషులకి అందే ఎత్తుకి దించాడు.

ఆ రోజు నుంచీ మొగుడు ఆమెని గాలిపటం అని పిలిచేవాడు. "నువ్వు ఎంత పైకైనా పో, దారం నా చేతిలో ఉందిగా" అని నవ్వేవాడు. కూడికలో వాళ్ళు మాత్రం ఆమెకి పాటమ్మ అని పేరు పెట్టారు. జ్వరం తగ్గి వచ్చిన ఆవిడ కూడా ఇక నువ్వే కానియ్యమంది.

చర్చి అని చెప్పుకోవడానికి అక్కడ గంట లేదు, పీఠం లేదు. రేవుకి దగ్గర్లో వాళ్ళ రెండు గదుల ఇల్లే. ఆదివారం సాయంత్రం ముందుగదిలో మంచాన్ని ఎత్తి గోడకి నిలబెడితే పాతికమంది కూర్చోవచ్చు. బైబిలు వాక్యం చెప్పేది ఒకప్పుడు లారీ నడిపిన పెద్దాయన, అందరూ డ్రైవరన్న అంటారు. ఆయన మంచివాడు. ఎవరింట్లో ఏ కష్టం వచ్చినా పిలవకుండానే వచ్చి తెల్లవార్లూ కూర్చునే మనిషి. ఈ మాట ఇక్కడే చెప్పి తీరాలి, ఎందుకంటే కథ ముందుకి వెళ్ళేకొద్దీ ఆయన మీద ఒళ్ళు మండుతుంది.

ఆరాధన నడిపించడమంటే గొంతు చించుకోవడం కాదని పాటమ్మకి త్వరలోనే అర్థమైంది. ఎవరు ఏ మొహంతో లోపలికొచ్చారో చూసుకోవాలి. దెబ్బలాడుకుని వచ్చిన మొగుడూ పెళ్ళాలుంటే ఒక పాట, పని పోయి వచ్చినవాడుంటే ఇంకో పాట. దేవుడు తమకి చేసిన మేలు గురించి సాక్ష్యం చెబుతున్నవాళ్ళ గొంతు పూడుకుపోతే వాళ్ళు సిగ్గుపడకముందే పాట అందుకోవాలి. ఏ పాట ఎత్తాలన్నది పూర్తిగా ఆమె ఇష్టం. ఆమె ఎత్తకపోతే ఇంకెవరూ ఎత్తరు, ఎత్తిన పాటని ఎవరూ మధ్యలో ఆపరు. ఎవరూ పెట్టకుండానే ఏర్పడిన కట్టుబాటు అది. ఒక్క పాట మాత్రం ఆ గదిలో ఎన్నడూ వినపడలేదు. సమాధి దగ్గర, మట్టి వేసే ముందు పాడే పాట. దాన్ని ఇంట్లో కూనిరాగం తీసినా అత్తగారు ఊరుకునేది కాదు.

మిగతా రోజుల్లో పాటమ్మ రొయ్యల షెడ్డులో పనికి వెళ్ళేది. ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్యలు వలిచి వలిచి వేళ్ళ చివర్లు తెల్లగా నానిపోయేవి. మొగుడు చేపల బోట్ల మీద ఇంజను మెకానిక్. ఆ వేళ్ళని తన నూనె చేతుల మధ్య పెట్టుకుని వెచ్చబెట్టేవాడు. ఆ నూనె వాసనకి అత్తగారు ముక్కు మూసుకుని, ఇద్దరూ కలిసి ఇంటిని అటు బోటూ కాకుండా ఇటు షెడ్డూ కాకుండా చేశారని సణిగేది. వాళ్ళకో కూతురు పుట్టింది. నాలుగేళ్ళు నిండకముందే అది కూడా తల్లిలాగే పాటని కప్పు మీద ఎత్తడం నేర్చింది.

ఇంజను మొరాయిస్తోందని ఒక బోటువాళ్ళు పిలిస్తే అతను వాళ్ళతో పాటు సముద్రం మీదికి వెళ్ళాడు. ఆదివారానికల్లా వచ్చేస్తానన్నాడు. బొటనవేలి దగ్గర తెగిన పట్టీకి రాగి తీగ చుట్టిన నీలం చెప్పులు వేసుకుని వెళ్ళాడు. ఆ మర్నాడు గాలివాన. మిగిలిన బోట్లన్నీ ముందూ వెనకా రేవుకి చేరాయి, ఆ ఒక్కటి తప్ప.

తిరిగొచ్చిన బోట్లలో ఒకదాన్ని నడిపే సరంగు ఇంటికొచ్చి, చాప మీద కూర్చోకుండా గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. ఆ బోటు బోర్లా పడి తేలుతుండగా తన కళ్ళతో చూశాడట. దగ్గరికి వెళ్ళేలోగా మునిగిపోయిందట. చుట్టూ తిరిగారు కానీ మనిషి జాడ లేదట. అత్తగారు అంతా విని ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"నా కొడుకు శవాన్ని చూశావా?"

"లేదమ్మా."

"చూడనప్పుడు మాట్లాడకు."

సరంగు తల దించుకుని వెళ్ళిపోయాడు. ఆ ఇంట్లో ఆ విషయం అంతటితో ముగిసింది.

తర్వాతి ఆదివారం డ్రైవరన్న ఒక మాట తెచ్చాడు. దేవుణ్ణి అడగడం అయిపోయింది, ఇక స్తోత్రమే మిగిలింది అన్నాడు. నమ్మినవాడు వచ్చాక కాదు, రాకముందే కృతజ్ఞత చెప్పాలన్నాడు. ఆ రోజు నుంచీ కూడిక చివర్లో ఆయన చెయ్యెత్తి, "మన తమ్ముడు వచ్చేశాడు, స్తోత్రం" అనడం, గదిలో అందరూ స్తోత్రం అనడం, పాటమ్మ స్తోత్ర గీతం ఎత్తడం అలవాటైపోయింది. అబద్ధం ఎందుకు, మొదట్లో ఆమె కూడా నమ్మింది. గుమ్మం వైపు చూస్తూనే పాడేది. డోలక్‌కి అతని పాత చొక్కా తొడిగి మేకుకి తగిలించారు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. పాటని కిందికి దించేవాడు లేక ప్రతి ఆదివారం అది రెండో చరణం దగ్గర ఆమె గొంతులోనే విరిగిపోయేది.

సముద్రం సద్దుమణిగింది. బోట్లు మళ్ళీ వేటకి వెళ్ళి రావడం మొదలైంది. పాటమ్మ కళ్ళు కాయలు కాసేలా చూసి చూసి, ఒక రోజు షెడ్డులో రొయ్య వలుస్తూ వలుస్తూ, అతను ఇక రాడని తెలుసుకుంది. ఎవరూ చెప్పలేదు, కొత్తగా ఏమీ జరగలేదు. చేతిలో రొయ్య ఉంది, పక్కమ్మాయి ఏదో జోకు వేసింది, అందరూ నవ్వుతున్నారు. అతను రాడు. అంతే.

ఏడుపు తన్నుకొచ్చింది. కానీ ఏడవడానికి చోటేదీ? ఇంట్లో ఏడిస్తే అత్తగారు వచ్చి చేత్తో నోరు మూసేది. కూడికలో కళ్ళు చెమర్చినా డ్రైవరన్న ప్రేమగానే మందలించేవాడు. ఆమె అనుమానమే అడ్డుగోడ అవుతుందని, పాట నడిపే నోట్లో దిగులు ఉండకూడదని చెప్పేవాడు. అంటే మొగుడు రాకపోతే ఆ తప్పు కూడా ఆమెదే! చివరికి షెడ్డులో ఎవరూ ఒప్పుకోని చలిగది పని తనకిమ్మని అడిగింది. ఆ గదిలో మంచుగడ్డల మధ్య అందరికీ కళ్ళూ ముక్కూ కారతాయి. ఎవరు ఎందుకు తుడుచుకుంటున్నారో ఎవరికీ పట్టదు. రోజూ అక్కడ కడుపారా ఏడ్చి, మొహం కడుక్కుని ఇంటికి వచ్చేది. దీనికేదో పిచ్చి పట్టిందని తోటివాళ్ళు అనుకున్నారు. ఒకరకంగా వాళ్ళు అనుకున్నది నిజమే.

ఒకసారి ధైర్యం చేసింది. అత్తగారు బట్టలు మడతపెడుతూ, వాటితోపాటు కొడుకు చొక్కాలు కూడా విప్పి మళ్ళీ మడతపెడుతుంటే పక్కన కూర్చుంది.

"అత్తయ్యా, ఒక్కసారి ఏడవనివ్వండి. మీరూ ఏడవండి. ఇంక నావల్ల కావట్లేదు."

అత్తగారు చొక్కా మీద ముడతని అరచేత్తో సాపు చేసింది.

"నువ్వు ఏడిస్తే వాడు పోయినట్టే అమ్మాయ్. నేను బతికుండగా ఆ పని చెయ్యకు."

ఆ ముసలి ప్రాణం ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉందని కోడలికి తెలుసు. దాన్ని లాగేసే హక్కు తనకుందా అని ఎంత ఆలోచించినా తేలలేదు. తన దుఃఖమా, ఆవిడ ఆశా అని ఎంచుకోవాల్సి వచ్చిన ప్రతిసారీ తన దుఃఖాన్నే మింగింది.

కానీ పిల్ల సంగతి వేరు. పెద్దవాళ్ళకి విశ్వాసం అయింది పిల్లలకి కబురు అవుతుందని ఆ గదిలో పాతికమందిలో ఒక్కరికీ తట్టలేదు. డ్రైవరన్న "వచ్చేశాడు" అనగానే ఆ పిల్ల లేచి గుమ్మం బయటికి వెళ్ళేది. మనిషి వస్తే చెప్పులు గుమ్మం దగ్గర విడుస్తాడు కదా. ఆ చెప్పుల కుప్పలో నీలం జత కోసం ఒక్కొక్కటే పక్కకి తీసి వెతికేది. దొరక్కపోతే మళ్ళీ అన్నీ జతలు జతలుగా సర్ది, వచ్చి తల్లి చెవిలో, "నాన్న చెప్పులు లేవమ్మా" అని చెప్పేది. తల్లి పాడుతూనే తల ఊపేది. ప్రతి ఆదివారం ఇదే తంతు. పిల్లకి విసుగు రాలేదు. అదే పాటమ్మ గుండె కోసేది. ఇది పెద్దయ్యేదాకా ఇలాగే వెతుకుతుందా?

ఒక ఆదివారం వాన పడుతోంది. వీధి చివర కొత్తగా అద్దెకు దిగిన తాళాలు బాగుచేసే ఆయన మొదటిసారి కూడికకి వచ్చాడు. ఆలస్యంగా వచ్చి, అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉండగా అలికిడి లేకుండా గోడవారన కూర్చున్నాడు. డ్రైవరన్న ఎప్పటిలాగే చెయ్యెత్తి ఆ మాట అన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. పిల్ల బయటికి వెళ్ళింది.

ఈసారి తల్లి చెవి దగ్గరికి రాలేదు. గుమ్మంలోనే నిలబడి రెండు చేతులూ పైకెత్తింది.

"నానమ్మా, నాన్న చెప్పులు!"

నీలం చెప్పులు. బొటనవేలి దగ్గర రాగి తీగ చుట్టి ఉంది.

గోడ పట్టుకోకుండా లేవలేని అత్తగారు దేన్నీ పట్టుకోకుండా లేచింది. కూర్చున్నవాళ్ళని తోసుకుంటూ వానలోకి పరిగెత్తింది. వాకిట్లో ఒకసారి, వీధిలో ఒకసారి "నాయనా" అని పిలవడం గదిలో అందరికీ వినపడింది. ఎవరో గట్టిగా స్తోత్రం అని అరిచారు. పాటమ్మ గుమ్మం వైపు తిరిగింది. ఆ క్షణంలో ఆమె కూడా నమ్మింది. చలిగదిలో అన్ని రోజులు ఏడ్చి వదిలించుకున్న ఆశంతా ఒక్కసారిగా తిరిగొచ్చింది.

తాళాలాయన లేచాడు. దొంగతనం చేసి దొరికిపోయినవాడిలా చేతులు నలుపుకుంటూ, "అవి నావండీ. పట్టీ తెగితే నేనే తీగ చుట్టుకున్నాను" అన్నాడు.

ఇద్దరు ఆడవాళ్ళు వెళ్ళి అత్తగారిని పట్టుకొచ్చి కూర్చోబెట్టారు. చీర అంతా తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఆవిడ ఎవరి వైపూ చూడలేదు. పిల్లకి ఏం జరిగిందో అర్థం కాలేదు, చెప్పులు గుండెకి హత్తుకుని నిలబడింది. డ్రైవరన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. ఏ మాట అనాలో తెలియక ఎప్పుడూ అనే మాటే అన్నాడు.

"పాటమ్మా, స్తోత్ర గీతం ఎత్తమ్మా."

పాటమ్మ కూతురి వైపు చూసింది. తర్వాత కళ్ళు మూసుకుంది. ఆమె ఎత్తింది సమాధి దగ్గర పాడే పాట.

మొదటి మాటకే గదంతా కొయ్యబారిపోయింది. ఎవరూ అందుకోలేదు. ఆమె ఒక్కతే, ఎప్పటిలాగే అందనంత ఎత్తులో, పల్లవి పూర్తి చేసింది. డ్రైవరన్న చెయ్యి అడ్డం పెట్టాడు. "అది కాదమ్మా. ఈ ఇంట్లో అది వద్దు" అన్నాడు. ఆమె ఆపలేదు. ఆయన ఇంకో మాట అనబోతుంటే అత్తగారు తల ఎత్తింది.

"ఆపకండి" అంది. "నా కొడుక్కి మట్టి ఎలాగూ లేదు. పాటన్నా ఉండనివ్వండి."

డ్రైవరన్న చెయ్యి దించేశాడు. ఆ పెద్దమనిషి గోడ వైపు తిరిగి భుజాలు కదిలేలా ఏడ్చాడు.

రెండో చరణం దగ్గర పాటమ్మ గొంతు విరిగింది. అప్పుడు కింద నుంచి ఒక బొంగురు గొంతు పాటని అందుకుంది. అన్నేళ్ళూ కూడికలో చప్పట్లు కొట్టడమే తప్ప ఏనాడూ నోరు విప్పి పాడని అత్తగారి గొంతు అది. మొగుడికి ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో పాటమ్మకి అప్పుడు తెలిసింది. ఆ గొంతు పాటని మెల్లగా, మనుషులకి అందే ఎత్తుకి దించింది. ఒక్కొక్కరే కలిశారు.

పాట అయ్యాక పిల్ల తల్లి దగ్గరికొచ్చింది.

"అమ్మా, ఇంక వెతకొద్దా?"

"వద్దమ్మా. నాన్న రాడు."

పిల్ల నీలం చెప్పులు తీసుకెళ్ళి తాళాలాయన ముందు జతగా పెట్టింది. అత్తగారు కోడలి భుజం మీద తల వాల్చి గొంతెత్తి ఏడ్చింది. కోడలు కూడా ఏడ్చింది, ముందుగదిలో, అందరి ఎదుట. ఆ రోజు ఎవరూ వాళ్ళని ఊరుకోమనలేదు.