మూడు గంటలు తక్కువ

1998 జూలై. బేగంపేటలోని ఒక ఫ్లయింగ్ స్కూల్లో నేను ఇన్‌స్ట్రక్టర్‌ని. ఎగిరిన ప్రతి నిమిషాన్నీ పైలట్ లాగ్‌బుక్‌లో రాసుకోవాలి, దాని మీద మా సంతకం పడాలి. ఉద్యోగమిచ్చే కంపెనీలు మొదట చూసేది ఆ గంటల మొత్తాన్నే.

చందానగర్ నుంచి వచ్చే స్వప్నకి సోమవారం ఇంటర్వ్యూ. కంపెనీ అడిగినదానికి మూడు గంటలు తక్కువ. ఆమె తండ్రి యాదయ్య సిటీ బస్సు డ్రైవరు. శనివారం పొద్దున ఇద్దరూ వచ్చారు. సోలోకి, అంటే ఒంటరిగా ఎగరడానికి, పంపమని స్వప్న బతిమాలింది. పడమట మబ్బు పట్టి ఉంది. వేరే రోజైతే ఒప్పుకునేవాణ్ణి కాదు. ఆ రోజు ఒప్పుకున్నాను.

జహీరాబాద్ మీదుగా మూడు గంటలు చుట్టి రావాలి. కాసేపటికే ఆఫీసు రేడియోలో ఆమె గొంతు వినిపించింది, ముందంతా మబ్బేనని, వెనక్కి తిరుగుతున్నానని. మాదాపూర్ రాళ్ళ మధ్య లేస్తున్న హైటెక్ సిటీ భవనమే మాకు దారి గుర్తు. అది కనపడగానే చెప్పమన్నాను.

"హైటెక్ సిటీ కనిపిస్తలేదు సార్."

ఆ తర్వాత ఎంత పిలిచినా జవాబు లేదు.

యాదయ్య గుమ్మంలో నిలబడి, "ఇప్పుడు ఎటు దిక్కు ఉంటది సార్?" అని అడిగాడు. చెయ్యి చూపించాను గానీ నాకే తెలియదు. ఆమె లాగ్‌బుక్ నిండా తేట ఆకాశంలో ఎగిరిన గంటలే. వాటి మీద సంతకాలు నావే.

పావుగంటకి, నేను చూస్తున్న వైపు కాకుండా మూసాపేట వైపు నుంచి విమానం చప్పుడు వచ్చింది. స్వప్న మబ్బు కిందికి దిగి, తండ్రి రోజూ బస్సు నడిపే బొంబాయి రోడ్డును పట్టుకుని వచ్చిందట. అంత కిందికి దిగడంతో రేడియో అందలేదు. విమానం దిగి వచ్చి ఆఫీసు మెట్ల మీద కూర్చుంది.

నేను లాగ్‌బుక్ తెరిచాను. తప్పు నాది కదా అని, మూడు గంటలూ రాసేస్తానన్నాను.

స్వప్న తలెత్తింది. "వద్దు సార్. నలభై నిమిషాలే రాయుండ్రి. మబ్బుల ఎట్ల ఎగరాల్నో నాకింకా రాదు."

యాదయ్య కూతురి పక్కన కూర్చున్నాడు. "నాకు బస్సు ఇచ్చే ముందు పాత డ్రైవర్ పక్కన ఆరు నెలలు కూసోవెట్టిండ్రు సార్. బిడ్డ చెప్పినట్టే రాయుండ్రి."

ఆ ఇంటర్వ్యూ పోయింది. వానాకాలమంతా నేను పక్కన కూర్చుని ఆమెకి మబ్బుల్లో నేర్పాను. మరుసటి ఏడాది ఉద్యోగం వచ్చింది.

కొత్త పైలట్‌కి ఎన్ని గంటల అనుభవం ఉండాలని ఇప్పటికీ అడుగుతుంటారు. ఎక్కువే ఉండాలంటాను. కానీ సంతకం పెట్టేముందు నేను అడిగేది ఒకటే: ఏ రోజు వెనక్కి తిరిగావు, ఎందుకు తిరిగావు?