గంజి పెట్టిన తెరచాప

సముద్రం ఆనవాలైనా లేని ఎమ్మిగనూరులో, మగ్గం గుంత పక్కన పెరిగిన మనిషికి తెరచాప మీద మనసెట్లా పోయింది? నాగేష్ మా ఎదురింటివాడే, పసితనం నుంచీ చూస్తున్నాను. అయినా ఇప్పటికీ ఆ సంగతే ఆలోచిస్తుంటాను.

వయసులో ఉండగా పని వెతుక్కుంటూ పోయి, సముద్రపు ఒడ్డునున్న కార్వారులో పడవలు బాగుచేసే చోట కుదిరాడు. పెళ్ళి మాట తలపెట్టలేదు. యాభై దాటాక, ఎవరో వదిలేసిన చిన్న తెరచాప పడవకు పుచ్చిన చెక్కలు మార్చి, రంగు వేసి సొంతం చేసుకున్నాడు. దాంట్లో ఒక్కడే, ఒడ్డు వెంబడి కన్యాకుమారి దాకా పోవాలని వాడి కోరిక. అది చెప్పడానికే పోయిన ఏడాది ఇంటికి వచ్చాడు. తల్లి పోయాక తనను పెంచిన అక్క యశోద ఊ అంటేనే పోతానని ముందే అనేశాడు.

ఆమె ఊ అనలేదు, ఊహూ అనలేదు. సామాను పోగుచేయడం మొదలుపెట్టింది. మా వైపు దూరం పోయేవాణ్ణి వట్టి చేతులతో పంపరు, ఇచ్చిందాన్ని వద్దనకూడదు. చుట్టాలు కూడా తలా ఒకటి తెచ్చారు. గ్యాసు పొయ్యి, ఊరగాయ జాడీలు, మడత మంచం, చివరికి కరెంటు లేని పడవకు మిక్సీ. నాగేష్ ప్రతిదాన్నీ రెండు చేతులా పుచ్చుకుని, తెల్లారేసరికి పంచలో ఓ మూల పెట్టేవాడు. తన చేత్తో బాగు చేసుకోలేని వస్తువు పడవ ఎక్కదట. ఇంజను సైతం వద్దనుకున్నాడు.

"గాలి నిలిచిపోతే ఏం జేస్తావురా?" అందామె.

"వచ్చేదాకా కూసుంటానక్కా. నాకేమన్నా ఆఫీసుకు టైమైపోతాందా?"

ఆమెకు అంతకన్నా కష్టంగా తోచింది వేరే ఉంది. పడవకు కట్టేది ప్లాస్టిక్ దారాల గుడ్డని తెలిసింది. మగ్గమున్న ఇంట్లో పుట్టి కొనుక్కొచ్చిన గుడ్డ కట్టుకుని పోతాడా అని, దుప్పటి కన్నా దళసరిగా తానే నూలు గుడ్డ నేసింది. గాలికి బిర్రుగా నిలవాలని, మగ్గం మీద పడుగు పోగులకు పెట్టినట్టే దానికి చిక్కటి గంజి పెట్టింది. వాడు చేత్తో తడిమి చూశాడు. ఒకసారి నదిలో చూద్దామన్నాడంతే.

మంత్రాలయం దగ్గర తుంగభద్రలో, చేపలు పట్టేవాళ్ళ పడవ అడిగి తీసుకుని, వెదురు నిలబెట్టి గుడ్డ కట్టాడు. యశోదా నేనూ స్నానాల రేవు మెట్ల మీద కూర్చున్నాం. గాలి తగలగానే గుడ్డ బోర విరుచుకుంది. నేతంటే ఏమిటో చూడమన్నట్టు ఆమె నా వైపు తల ఎగరేసింది. అంతలో జల్లు మొదలైంది. గంజి కరిగి వాడి నెత్తి మీద ధారగా కారింది. తెరచాప తడి దుప్పటిలా వేలాడింది.

స్నానం చేస్తున్న ఒకావిడ, "ఏమప్పా, పడవ మీద తలంటు పోసుకుంటాండావా?" అంది. మెట్లన్నీ నవ్వాయి. యశోద నవ్వలేదు. పడవ పక్కకు కొట్టుకుపోతుంటే మెట్టు అంచు గట్టిగా పట్టుకుంది.

నాగేష్ తొందరపడలేదు. గుడ్డ విప్పి మడిచాడు. తెడ్డు అందుకుని నిమ్మళంగా ఒడ్డుకు వచ్చాడు.

"ఆడ సముద్రంలో తాడు తెగితే?" అని అడిగిందామె.

"మగ్గం మీద పోగు తెగితే నువ్వేం జేస్తావు?"

"ముడేసుకుంటా."

"ముడేసినంక?"

"నేసుకుంటా పోతా."

వాడు తుండుగుడ్డతో గంజి తుడుచుకున్నాడు. ఆమె మడిచిన తడి గుడ్డను అందుకుని పిండుతూ, "పోరా అయితే" అంది.

పంచలో పేరుకున్న సామానంతా ఆమే ఎవరిది వాళ్ళకు తిరిగిచ్చేసింది. ఏమని సర్దిచెప్పిందో గానీ ఎవరూ అలగలేదు. ఎన్నాళ్ళయినా చెడని కడక్ జొన్న రొట్టెలు కాల్చి ఆరబెట్టింది. గురెళ్ళ గింజలు దంచిన కారం, సూది, దారపుండ జతచేసింది. గంజి వదిలిన తెరచాపను నాగేష్ తనంతట తానే సంచిలో పెట్టుకున్నాడు. ఎండకు పందిరి, చలికి దుప్పటి, ఇప్పుడే మెత్తగా బాగుందన్నాడు. ఆ మాటకు యశోద నవ్వింది.

పోయే రోజు పొద్దున నేను అరుగు మీద పేపరు చదువుతున్నాను. ఎదురింట్లో మగ్గం ఆడుతోంది. నాగేష్ ఒక్క సంచితో గడప దాటి, ఆ చప్పుడు వింటూ కాసేపు నిలబడ్డాడు. పోయొస్తానంటే ఆమె పని ఆపి, కాళ్ళు దించుకుని కూర్చున్న మగ్గం గుంతలోంచి లేవాలి. నాకైనా చెయ్యెత్తుతాడేమోనని పేపరు దించాను. వాడు చెప్పులు తొడుక్కుని, సంచి భుజం మార్చుకుని, ఆదోని బస్సులు ఆగే వైపు నడిచాడు. మగ్గం ఆగలేదు.