పేర్లు లేని చీటీలు

టొలీడో ఊళ్లో వెండెల్ హోస్టెట్లర్ అంత నిక్కచ్చి మనిషి లేడని అందరికంటే ముందు చెప్పేది వెండెలే. ముప్పై ఒక్క ఏళ్లు అక్కడి పత్రికకు బేస్‌బాల్ వార్తలు రాశాడు. అలా రాసిన వాళ్లకే, మేటి ఆటగాళ్ల పేర్లు శాశ్వతంగా నిలిపే హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఓటు ఉంటుంది. ఆట మానేసిన వాళ్లలో ఎవరికి అందులో చోటు దక్కాలో ఏటా డిసెంబరులో ఓటు కాగితం మీద టిక్కు పెట్టి పోస్టు చేయాలి. పది పేర్లు దాటకూడదు. రిటైరయ్యాక పదేళ్ల వరకే ఆ హక్కు. ఆయనకు పదేళ్లు కావస్తోంది కాబట్టి ఇదే ఆఖరి ఓటు.

ఆ పని ఆయన ఒక వ్రతంలా చేసేవాడు. పేరు చూస్తే అభిమానం అడ్డొస్తుందని, భార్య డోరీన్ చేత ఒక్కో ఆటగాడు ఆడిన స్థానం, అంకెలు ఒక్కో చీటీ మీద రాయించేవాడు. పేరు ఉండదు. చీటీ చదివి 'ఔను' కుప్పలోనో 'కాదు' కుప్పలోనో వేసేవాడు. ఇంతా చేసి, అంకెలు చూడగానే మనిషెవరో ఠక్కున చెప్పేసేవాడు. అలాంటప్పుడు పేరు దాచడం దేనికని డోరీన్ ఎన్నిసార్లు అడిగిందో! ఆయన వినిపించుకుంటే గదా.

ఒక్కడికి మాత్రం చీటీయే రాయనిచ్చేవాడు కాదు. ఆ ఒక్కడు లైల్ క్రోగన్, బ్యాటరు వెనక గొంతుక్కూర్చుని బంతి పట్టే క్యాచర్. తొంభై ఒకటిలో జట్టు ఓడిపోయిన రోజు, ఆటగాళ్ల గదిలో వెండెల్ ఏదో అడగబోతే, చేతిలోని నోటు పుస్తకం లాక్కుని బీరు సీసాలున్న ఐసు నీళ్లలో పడేశాడు. గది గదంతా విరగబడి నవ్వింది. "వాడి లెక్కలు నాకు తెలియనివా? చాలవు," అనేవాడు వెండెల్. తొమ్మిదేళ్లు అదే మాట. ఇది పదో ఏడు. ఈసారీ ఓట్లు చాలకపోతే క్రోగన్ పేరు జాబితాలోంచి శాశ్వతంగా పోతుంది.

పొయ్యి మీద చిక్కుడుగింజల సూపు ఉడుకుతోంది. వంటింటి బల్ల దగ్గర వెండెల్ చీటీలు తిప్పుతున్నాడు.

"ఇది ఆ ఎడమచేతి పొడుగాడు. ఇదా, కాలు విరగ్గొట్టుకున్నవాడు. అయ్యో పాపం, కాదు."

పదిహేడో చీటీ దగ్గర చెయ్యి ఆగింది. కళ్లజోడు సవరించుకున్నాడు.

"వీడెవడే? క్యాచరై ఉండి ఇన్ని హోమ్ రన్‌లా! మోకాళ్లు అరగదీసుకుంటూ పదహారేళ్లు ఆడాడా!"

"ఏ కుప్పలో వేస్తావ్?"

"అడగాలా? ఔను కుప్పలో. ఇంతకీ ఎవరు?"

"నిజంగా తెలియలేదూ?" డోరీన్ గరిటె పక్కన పెట్టింది. "నీ నోటు పుస్తకాన్ని నీళ్లలో ముంచినాయన."

వెండెల్ చీటీ మళ్లీ తీసుకుని చదివాడు. జాబితాలో ఉన్న ప్రతివాడి అంకెలూ నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. ఈ ఒక్కడివి తెలియకపోవడానికి కారణం ఒకటే. ఆయనకు చాలా సిగ్గేసింది.

"నాకు చెప్పకుండా ఎందుకు రాశావు?"

"చెబితే రాయనిచ్చేవాడివా?"

ఆయన ఓటు కాగితం మీద క్రోగన్ పేరు పక్కన టిక్కు పెట్టాడు. వెంటనే లేచి ఆక్రన్‌లో ఉన్న గస్‌కు ఫోన్ చేశాడు. గస్ కూడా పాత విలేకరే, అతనికీ ఓటుంది.

"ఓటు పంపావా?"

"సోమవారమే పడేశానోయ్. ఎప్పటిలాగే నీ నిరుటి జాబితా దించేశా. ఏం?"

"క్రోగన్ గురించి..."

"వాడా? నువ్వే వద్దన్నావుగా! అంకెలన్నీ నువ్వు చూశాక మళ్లీ నేను చూడ్డమేంటని వదిలేశా. డెట్రాయిట్‌లో ఓటున్న మన పాత విలేకరులిద్దరూ అంతే. వెండెల్ చూశాడంటే చూసినట్టేనంటారు."

వెండెల్ కుర్చీలో కూర్చున్నాడు. సూపు చల్లారిపోతోందని డోరీన్ సైగ చేసింది.

"గస్, నేను చూళ్లేదు," అన్నాడు.