పెద్దమ్మ తిట్లకు వేలిముద్ర

మార్కాపురంలో నాకు జిరాక్స్, టైపింగ్ దుకాణం ఉంది. మా ఊరు త్రిపురాంతకం పక్కన. అక్కడ మా పెద్దమ్మకు గొర్రెల మంద, రెండెకరాల కంది చేను ఉన్నాయి.

వాన ముఖం చాటేసిన ఏడు మా ఊళ్లో అమ్మవారిని తిట్టే ఆనవాయితీ ఉంది. ఆ పని పెద్దమ్మదే. ఆమెకున్నంత నోరు ఊళ్లో ఇంకెవరికీ లేదు. నిరుడు కూడా కంది ఎండుతుంటే గుడి ముందు నడుముకు కొంగు బిగించి నిలబడింది.

"ఏందే, కండ్లు మూసుకున్నావా? పోతును కొడితే తింటివి, చీర పెడితే కట్టుకుంటివి. నా గొర్రెలు నాలికలు ఎండి సస్తాండాయి, కనపడలేదా? ఈ ఏడు నీకు చీర లేదు, ఏం లేదు, పో!"

జనమంతా నవ్వారు. నేనూ నవ్వాను. నాలుగో రోజుకు, ఎవరో తీసిన ఆ తిట్ల వీడియో ఊరూరా ఫోన్లలో తిరిగింది. ఆమె ఎవరో, ఎందుకు తిట్టిందో తెలియనివాళ్లు ముగ్గురు వచ్చి, దేవతను దూషించిందని పోలీసు స్టేషన్లో అర్జీ ఇచ్చారు.

తీసింది ఎవరు? ఆ రోజు అక్కడున్న ప్రతి ముఖాన్నీ గుర్తు చేసుకున్నాను. పక్కింటి మామ మీద అనుమానం వచ్చింది, పెద్దమ్మతో చేని గట్టు తగాదా ఉంది కదా. పలకరిస్తే తల వంచుకున్నాడు. అనుమానం ఇంకా బలపడింది. తర్వాత తెలిసింది, ఆయన పంటి నొప్పితో ఉన్నాడని. అయినా నా అనుమానం పూర్తిగా పోలేదు.

పెద్దమ్మను స్టేషన్‌కు పిలిపిస్తే నేనూ తోడు వెళ్లాను. ఎస్సై ఆ అర్జీ నాకు చూపించాడు. రెండో పేరాలో "మనోభావాలు గాయపడి, అన్నపానీయాలు మాని కుమిలిపోతున్నాము" అని ఉంది. ఆ వాక్యం నాది. అంతకు ముందు ఏడు, టీకొట్టులో దేవుడు లేడన్న ఒకాయన మీద అర్జీ కావాలని ఎవరో వస్తే నేనే అల్లాను. అన్నపానీయాలు మానిన ఆ మనిషి అప్పుడు నా బల్ల ముందు కూర్చుని పునుగులు తింటున్నాడు. ఆ కాగితం చేతులు మారి, పేరు మార్చుకుని, మా ఇంటికే వచ్చింది. ఆ టీకొట్టు మనిషి ఏమయ్యాడో నేను ఒక్కసారైనా అడగలేదు. సిగ్గేసింది.

"నా తల్లిని నేను తిట్టుకుంటి సారూ. ఆమె వచ్చి నీకు చెప్పినాదా?" అని పెద్దమ్మ అడిగింది.

"చట్టం ఉందమ్మా. కేసైతే ఒంగోలు దాకా తిరగాల. ఇంకెప్పుడూ తిట్టనని వేలిముద్ర వెయ్," అన్నాడు ఎస్సై.

వేసింది. ఇంటికొచ్చి ఆ సిరా మరక పోయేదాకా బూడిదతో తోముకుంది.

ఇలాంటి చట్టం ఉండకూడదని ఇప్పుడు అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతున్నాను. దేవుణ్ణి తిట్టేవాడికీ, లేడనేవాడికీ, బతిమాలేవాడికీ నోరు ఒక్కటే. ఆ నోటికి కాపలా పెడితే కాపలావాడు చివరికి అందరి ఇంటికీ వస్తాడు. అలాంటి అర్జీలు టైపు చేయడం మానేశాను. దుకాణానికి ఎవరైనా కొత్తవాళ్లు వస్తే మాత్రం, నన్ను పరీక్షించడానికి వచ్చారేమోనని చూస్తాను.

ఈ ఏడూ వాన లేదు. జనం గుడి ముందు చేరి పెద్దమ్మ వైపు చూశారు. ఆమె మాత్రం అందరి చేతుల వైపు చూస్తోంది.

"తిట్టు పెద్దమ్మా, ఎవరేమంటారో నేను చూసుకుంటా," అన్నాను.

"నీ జేబులోది ఏంది నాయనా? ముందు దాన్ని ఇంట్లో పెట్టి రా పో."

పరుగున పోయి ఫోను ఇంట్లో పడేసి వచ్చాను. అప్పటికే ఆమె అమ్మవారికి పరాయి మనిషిలా రెండు చేతులూ జోడించి దండం పెట్టి, ఒక్క తిట్టూ తిట్టకుండా గొర్రెల వైపు వెళ్లిపోతోంది.