నాలుగు వందల ఎనభై ఐదు అడుగులు

మా బావ వెంకటరాముడి మీద నాకున్న కోపం ఈ జన్మకు చల్లారదు. మనిషి మంచివాడే. నోటికి మూత లేదు, అంతే.

యాడికి ఊరి దగ్గర ఆయన పొలంలో వేసిన మూడు బోర్లలో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. నాలుగో బోరులో నీళ్లు పడ్డాయి. ఆ రోజు నుంచి టీ అంగట్లో, పెళ్లి పందిట్లో, చివరికి చావింట్లో కూడా అదే మాట: "నాలుగు వందల ఎనభై ఐదడుగులప్పా! ఆడ పడినాయి నీళ్లు!" ఆ నీళ్లతోనే నూట ఇరవై చీనీ చెట్లు, అదే బత్తాయి, పెంచాడు.

2006 ఎండాకాలంలో మోటారు కాలిపోయింది. చెట్లు వాడుముఖం పట్టాయి. మా అక్క ఆంజినమ్మ తాను మేపుకున్న పదకొండు గొర్రెలను అమ్మి, కొత్త మోటారు కోసం పద్దెనిమిది వేలు బావ ఖాతాలో వేసింది.

కాలిన మోటారు పైకి తీయడానికి తాడిపత్రి నుంచి దివాకర్ అనే మెకానిక్ వచ్చాడు. బావ చొక్కా విప్పి చెట్టుకు తగిలించి, పైపులు లాగుతూ వాడికీ బోరు కథంతా చెప్పాడు. బ్యాంకులో దుడ్లున్న సంగతీ చెప్పాడు. వాడు పోతూ పోతూ చొక్కా జేబులోని ఏటీఎం కార్డు పట్టుకుపోయాడు. ఆ రోజే చూసుకుని బ్యాంకుకు చెబితే కార్డు ఆపేసేవాళ్లు. ఈ మహానుభావుడు నాలుగో రోజు దాకా జేబు తడుముకోలేదు. అప్పటికి ఖాతాలో మిగిలింది రెండు వందలు.

"పిన్ నంబరు ఎవరికైనా చెప్పినారా?" అని బ్యాంకు ఆఫీసరు అడిగాడు.

"చౌడమ్మ తల్లి మీద ఒట్టు సార్! పెండ్లానికి కూడా చెప్పలేదు."

బయటికి రాగానే అక్క నిలదీసింది. "ఏం నంబరు పెట్టినావప్పా?"

బావ తల దించుకున్నాడు. "మర్చిపోకూడదని బోరు అడుగులే పెట్టినా. ముందర ఒక సున్నా."

"అది మన ఊళ్లో కుక్కలకు కూడా తెలుసు గదప్పా!" అని అక్క నడిరోడ్డు మీద అరిచింది. నాకైతే ముందు దివాకర్ పీక పిసకాలా, బావ పీక పిసకాలా తేలలేదు. తాడిపత్రిలో వాడి గదికి తాళం, ఫోను బంద్. పోలీసులు కాగితం రాయించుకుని పంపేశారు.

చెట్లు ఎండిపోయాయి. నరికి కట్టెలకు అమ్మాం. లోడు ఎత్తుకోవడానికి వచ్చిన ట్రాక్టరు డ్రైవరు బోరు వైపు చూసి, "ఎన్నడుగులు పోయినారన్నా?" అని అడిగాడు.

బావ నోరు విప్పలేదు.

"చెప్పు," అంది అక్క. "ఇంక దాచేదానికి ఏముండాది?"