గోడ అవతలి గాజులు

నా చిన్నప్పుడు పొద్దున కళ్ళు తెరవకముందే నా చెవి గోడకు ఆనేది. సున్నం రాలిపోయిన మట్టి గోడ అది. దాని అవతల పక్కింటి చిన్నమ్మ లేచి వాకిలి ఊడ్చేది, పేడనీళ్ళ సాన్పి చల్లేది, బర్రె కింద పేడ తీసేది. ఆమె చెయ్యి కదిలినప్పుడల్లా గాజులు గలగలమనేవి. ఆ చప్పుడు వినబడితే ఆమె మొగుడు ఇంకా బతికే ఉన్నాడని అర్థం. వినబడకపోతే పట్నం జైల్లో అతన్ని ఉరి తీసేశారని అర్థం. అతను మా బాపును చంపినవాడు.

మాది చేవెళ్లకూ మొయినాబాద్‌కూ నడుమ ఊరు. మా బాపుకూ పక్కింటాయనకూ కలిపి ఒకటే బావి. ఒకనాడు మా మోట, మరునాడు వాళ్ళ మోట. ఆ ఎండాకాలం బావి అడుగంటింది. వంతు దగ్గర మాట మాట పెరిగింది. అతను కోపంతో ఇంటికి పోయి గొడ్డలి పట్టుకొని మళ్ళీ బావి దగ్గరికి వచ్చాడు. ఏం జరిగిందో నేను చూడలేదు. మా బాపును మంచం మీద తీసుకొచ్చినప్పుడు చూశాను. పక్కింటాయన చేతికి అందిన కట్టెతో కొట్టి ఉంటే ఉరి పడేది కాదట. ఇంటిదాకా నడిచిపోయి, గొడ్డలి తీసుకొని, మళ్ళీ నడిచి వచ్చాడు కదా, ఆ నడకే అతని మెడకు చుట్టుకుందని మా మేనమామ చెప్పేవాడు.

మా మేనమామ అమ్మకు తమ్ముడు. బాపు పోయాక శంకర్‌పల్లి నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉండి సేద్యం చూసుకున్నాడు. గోడకు చెవి పెట్టే పని నాకు అప్పజెప్పింది ఆయనే.

"సర్కారోళ్ళు మనకు చెప్పి ఉరి తీస్తరా ఏంది? నువ్వే జర చెవి పెట్టి ఉండు బిడ్డా. గాజులు బందైతే వచ్చి నాకు చెప్పు."

పై కోర్టు కూడా ఉరే అన్నది. ఇక మిగిలింది ఢిల్లీలో రాష్ట్రపతికి పెట్టుకునే క్షమాభిక్ష ఒక్కటే. దాని మీద ఊరు రెండుగా చీలింది. పానానికి పానం పోవాల్సిందే అని కొందరు, పసిపోరల తండ్రి, సర్కారు చంపితే పోయినోడు లేచి వస్తాడా అని కొందరు. చాయ్ హోటల్ దగ్గర ఒకరి మీద ఒకరు గ్లాసులు విసురుకునేదాకా పోయింది. కానీ ఒక్క మాట దగ్గర మాత్రం అందరూ ఒకటే. ఉరి తప్పితే అతను తెల్లారి బస్సులో ఊళ్ళో దిగుతాడని అందరూ నమ్మేవాళ్ళు. అయితే ఉరి, కాకుంటే ఇల్లు. నడుమ ఇంకొకటి ఉంటుందని మాకెవరికీ తెలియదు.

అందుకే నాకు రెండు దిక్కులా భయమే. గాజులు మోగితే బతికున్నాడని భయం. మొయినాబాద్ దిక్కు నుంచి బస్సు వచ్చి ఆగితే గడ్డివాము వెనక నక్కి దిగేవాళ్ళ కాళ్ళు చూసేదాన్ని. మరి గాజులు ఒక్క క్షణం ఆగితేనో, చచ్చి దయ్యమై ఈ గోడ మీదే కూర్చుంటాడని ఇంకో భయం. పక్కలో తమ్ముడు హాయిగా నిద్రపోయేవాడు. నేను మాత్రం ఊపిరి బిగబట్టి వినేదాన్ని.

ఒకరోజు చిన్నమ్మ మా వాకిట్లోకి వచ్చి నిలబడింది. చనిపోయినవాని భార్యే ఉరి వద్దని వేలిముద్ర వేస్తే ఢిల్లీలో ఆ మాటకు బరువుంటుందని చేవెళ్ల వకీలు చెప్పాడట. ఆమె నోరు తెరిచిందో లేదో, మా మామ చేతిలో ఉన్న పలుపుతాడు నేలకేసి కొట్టాడు.

"ఏం మొఖం పెట్టుకొని వచ్చినవు? నీ మొగడు మా బావను నరికేటప్పుడు ఎవని దగ్గర దరఖాస్తు పెట్టుకున్నడు?"

చిన్నమ్మ మా అమ్మ దిక్కు ఒక్కసారి చూసి వెళ్ళిపోయింది. మా అమ్మ గడపలో కూర్చొని గంపలోని టమాటలు ఏరుతూనే ఉంది. మంచివేవో చెడ్డవేవో చూడకుండా అన్నీ ఒకటే దాంట్లో వేసింది.

తర్వాత కొన్నాళ్ళకు ఒక పొద్దున గాజులు మోగలేదు.

చీపురు చప్పుడు వినబడింది. బర్రె అరిచింది. బక్కెట కింద పెట్టిన చప్పుడు కూడా విన్నాను. గాజులు మాత్రం లేవు. నా కాళ్ళు చల్లబడ్డాయి. లేచి మామకు చెప్పాను. ఆయన తువ్వాల దులిపి భుజాన వేసుకొని, "అయిపాయె. మా బావ పానం ఇయ్యాల సల్లబడ్డది" అని బజారులోకి పోయాడు. నాకు సంతోషం కలుగుతుందనుకున్నాను. కానీ పోయి పొయ్యి దగ్గర అమ్మను అతుక్కొని కూర్చున్నాను.

మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి, చేతులు కొంగుకు తుడుచుకొని, బాపు పోయినప్పటి నుంచి తొక్కని పక్కింటి వాకిట్లోకి నడిచింది. నేను ఆమె చీర పట్టుకొని వెనకాలే పోయాను.

చిన్నమ్మ బర్రె పక్కన నిలబడి ఉంది. రెండు చేతులూ బోసిగా ఉన్నాయి. నొసట బొట్టు మాత్రం ఉంది.

"ఎప్పుడైంది చెల్లె?" అని అడిగింది అమ్మ.

"ఏం కాలేదక్కా. ఉన్నడు. ఇంక ఉన్నడు." అక్కడే కూలబడింది. "నేనే తీసిన. మీ పోరి గోడకు చెవి పెడుతున్నదని నాకెరుకే. చెయ్యి లేపాలంటే భయమైతున్నది, దించాలంటే భయమైతున్నది. ఎవలో వచ్చి పలగ్గొట్టేదాక ఎదురుచూసుడు నాతోని కాదు."

నేను భయపడుతూ వింటున్నానని నాకు తెలుసు. నేను వింటున్నానని ఆమె భయపడుతోందని ఆ రోజుదాకా తెలియదు. మట్టి గోడకు ఇటు నేను, అటు ఆమె, రోజూ ఒకే చావుకు వణికినవాళ్ళం. నేను అమ్మ కుచ్చిళ్ళలో మొహం దాచుకున్నాను.

గోడ గూట్లో ఆ గాజులున్నాయి, ఆకుపచ్చవి, ఒక్కటి కూడా పగలలేదు. నూనె రాసి జాగ్రత్తగా తీసుకున్నట్టుంది. అమ్మ వాటిని చేతిలోకి తీసుకుంది. మా దిక్కు మొగుడు పోయిన ఆడది ముత్తైదువకు గాజులు వేయడం ఎక్కడైనా ఉందా? ఎదురొస్తేనే పక్కకు తప్పుకునే రోజులవి.

"నా చేత్తోని ఏసుకుంటవా?"

చిన్నమ్మ చేతులు చాపింది. మా అమ్మ తన బోసి చేతులతో వాటిని పట్టుకుంది. ఒక్కొక్క గాజు ఎక్కించేటప్పుడు అది పగిలిపోతుందేమోనని నేను కళ్ళు మూసుకున్నాను.

"ఆయన ఉన్నన్ని దినాలు తియ్యకు" అని, అమ్మ ఇంటికి వచ్చేసింది.

అదే రోజు మామతో వేలిముద్ర వేస్తానని చెప్పింది. ఇల్లు దద్దరిల్లింది.

"నీకు పిచ్చి లేసిందా అక్కా? రేపు వాడొచ్చి ఈ పోరలను నరికితే ఏం జేస్తవు?"

ఆ మాటకు నేను అమ్మ కాళ్ళు పట్టుకున్నాను. వద్దమ్మా, వేయొద్దమ్మా అని ఏడ్చాను. సిగ్గేముంది, నిజంగా ఆ రోజు అతన్ని ఉరి తీస్తే చాలని దేవునికి మొక్కాను. అమ్మ నన్ను విదిలించుకోలేదు. అట్లాగే నిలబడి మామకు జవాబు చెప్పింది.

"నాకు భయం లేదనుకుంటున్నవా తమ్మీ? నీకంటే ఎక్కువనే ఉన్నది. అయితె ఈ భయం నాది. నా భయం తీరాలని ఇంకొకని పానం తియ్యుమని ఎట్లడుగుత?"

మామ ఆ పూటే మూట కట్టుకొని శంకర్‌పల్లికి వెళ్ళిపోయాడు. చాలా ఏండ్లు మా ఇంట్లో మెతుకు ముట్టలేదు. ఊళ్ళో సగం మంది అమ్మతో మాట్లాడటం మానేశారు. మొగుని మీద మనసు లేని ఆడదని నోటికొచ్చినట్టు అన్నారు. బాపు చెప్పుల జత ఆమె దినాం తుడిచి పెట్టేదని వాళ్ళకేం తెలుసు?

చేవెళ్లకు బస్సులో పోయాం. చిన్నమ్మ ముందు సీట్లో, మేము వెనక. వకీలు కాగితం ముందు పెట్టినప్పుడు అమ్మ ఒక్కటే అడిగింది.

"ఇది పెడితే ఆయన ఇంటికొస్తడా సారూ?"

"రాడమ్మా. ఉరి తప్పితే జైల్లనే ఉంటడు, ఏండ్లకేండ్లు. ఎన్నడో ముసలోడైనంక వదిలితే వదలొచ్చు."

వదలొచ్చు అన్న మాట దగ్గర అమ్మ వేలు ఆగింది. సిరా అంటిన వేలు గాలిలోనే ఉంది. నా దిక్కు చూసింది. ఆమె కళ్ళలో ఉన్న భయం నాకు ఇప్పటికీ కనబడుతుంది. చూసి, వేలు అద్దింది.

ఉరి రద్దయింది. రద్దయిన వార్త వచ్చాక చాలా రోజులు నేను బస్సు దగ్గర నక్కి కూర్చున్నాను. ఎవరూ దిగలేదు. వకీలు చెప్పింది నిజమేనని నాకు నమ్మకం కుదరడానికి ఒక వానాకాలం పట్టింది.

నా పెండ్లయి పిల్లలు పుట్టిన తర్వాత ఒకసారి పుట్టింటికి పోయాను. పొద్దున గోడ అవతల మగ దగ్గు వినబడింది. వదిలేశారన్నమాట. నేను మంచం మీద కట్టెలా బిగుసుకుపోయాను. అమ్మ పొయ్యి ఊదుతూ ఉంది.

"అమ్మా, నీకు భయం కాదా?"

"ఎందుకు కాదు? రోజు అయితది. అయితె ఏం జేస్త, లేచి చాయ్ పెట్టుకుంట."

అతను అమ్మ ముందుకు ఎన్నడూ రాలేదు, క్షమించమని అడగలేదు. అమ్మ కూడా ఎదురుచూడలేదు. ఇద్దరూ అట్లాగే గోడకు ఇటూ అటూ ముసలివాళ్ళై పోయారు.

ఇప్పుడు మా చెలకల్లో ఇళ్ళ ప్లాట్ల వెంచర్లు లేచాయి. నా మొగుడు కూడా పోయాడు. మొన్న మనవడు ఫోన్ తెచ్చి చూపించాడు. ఎక్కడో ఎవరో ఒక బిడ్డ మీద ఘోరం చేశారు, జనం ఉరి తీయాలని అరుస్తున్నారు. వాడూ అట్లాగే అంటున్నాడు. "నానమ్మా, నువ్వేమంటవ్? ఇసొంటోడు బయట తిరిగితే నీకు భయం కాదా?" అని అడిగాడు. చేసింది చిన్న తప్పని నేను అనను. ఆ బిడ్డ తల్లి కడుపుకోత నాకు అర్థం కానిది కాదు. కానీ వాడు భయం మాట ఎత్తగానే నా కాళ్ళు చల్లబడ్డాయి, అచ్చం ఆనాటి లాగే. ఇంత ముసలిదాన్నయినా ఆ భయం నన్ను వదలలేదు.

"అయితది బిడ్డా" అన్నాను. లేచి చాయ్ పెట్టుకున్నాను.