నాయనమ్మ ఒప్పుకోదు

మా మాస్టారికి ఉన్నది ఒకే ఒక్క చాదస్తం. మాత్రలు అచ్చుకొట్టే యంత్రాన్ని అడగకుండా ఆయన ఏ పనీ చేసేవారు కాదు.

ఆ యంత్రానికి ఆయన పెట్టిన పేరు నాయనమ్మ. కంపెనీ కాగితాల్లో దానికో నంబరు ఉండేది కానీ అది ఎవరికీ గుర్తులేదు. పొద్దున్నే స్విచ్ వేసి, తలమీది టోపీ ఓ పక్కకి జరిపి, ఇనుప తొడుగుకి చెవి ఆనించేవారు. నిమిషంపాటు విని, "నిద్ర సరిగ్గా పట్టలేదట, మెల్లగా నడుపుదాం" అనేవారు. ఇంకోరోజు ఎవరో మెచ్చుకున్నట్టున్నారు, హుషారుగా ఉందనేవారు. కొత్తగా చేరినవాళ్ళు నవ్వుకునేవారు. వారం తిరిగేసరికి వాళ్ళూ గుమ్మంలో అడుగుపెడుతూనే నాయనమ్మ ఎలా ఉందని అడిగేవారు.

నేను సైకిల్ షాపులో పని నేర్చుకుని వచ్చినవాణ్ణి. స్పానర్ తప్ప వేరే చదువు లేదు. మాస్టారికీ లేదు. కానీ ఒక మాత్రని రెండు బొటనవేళ్ళ మధ్య విరిచి, ఆ చప్పుడు విని, అది నీళ్ళలో ఎంతసేపటికి కరుగుతుందో చెప్పేవారు. ల్యాబ్‌లో అమ్మాయి గడియారం పెట్టి చూస్తే అర నిమిషం అటూ ఇటూగా అంతే వచ్చేది. అంత పనితనం ఉన్న మనిషి ఇనుముతో కబుర్లాడితే మనకేం పోయిందిలే అనుకున్నాను.

అప్పటికే మా మందుల కంపెనీ ఆయాసపడుతోంది. ఓనరుగారు మంచం పట్టాక పగ్గాలు ఆయన అల్లుడి చేతికి వచ్చాయి. అల్లుడుగారు అంతకుముందు టైల్స్ అమ్మేవారు. మాత్రలంటే చిన్నసైజు టైల్స్ అనుకున్నారేమో తెలియదు. వచ్చిన నెలలోనే గదిలో తేమ లాగే మిషన్ని కరెంటు దండగని ఆపించారు. పొడి చెమ్మగిల్లి అచ్చులకి అట్టకట్టింది. రెండో నెల చేతి తొడుగులు తగ్గించారు. మూడో నెల 'నాణ్యతే మా ఊపిరి' అని గోడంత బోర్డు రాయించారు. ఆ బోర్డు తగిలించేటప్పుడు నిచ్చెన పట్టుకున్నది మేమే, ఉత్త చేతులతో.

ఆయనలో ఒక సుగుణం లేకపోలేదు. ముందు పెట్టిన ఏ కాగితమైనా చదవకుండా సంతకం చేసేవారు. యంత్రంలో బేరింగులు అరిగిపోయాయి, మూడు రోజులు ఆపాలని మాస్టారు రెండుసార్లు వెళ్ళి అడిగారు. కంపెనీ మునుగుతుంటే ఆపడమేంటని రెండుసార్లూ కసిరారు. మూడోసారి మాస్టారు అడగలేదు. మా అందరి సెలవు చీటీల మధ్య ఇంకో చీటీ పెట్టారు. మోకాళ్ళ నొప్పుల వల్ల నాయనమ్మకి మూడు రోజులు విశ్రాంతి కావాలని అందులో ఉంది. సాయంత్రానికి మంజూరై వచ్చింది. ఆ చీటీని గోడకి అంటించి మరీ బేరింగులు మార్చాం.

ఓ రోజు అల్లుడుగారు చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి, యంత్రం వేగం రెట్టింపు చెయ్యమన్నారు. మాస్టారు చెవి ఆనించి, తల అడ్డంగా ఊపారు.

"నాయనమ్మ ఒప్పుకోదండీ."

"ఎవరు?"

"ఈవిడండీ."

"మీకు జీతమిచ్చేది నేనా, ఈవిడా?"

మాస్టారు నిజంగానే ఆలోచించారు. "చేతికిచ్చేది మీరేనండీ. సంపాదించేది ఈవిడ."

అల్లుడుగారు పట్టు వదల్లేదు. సరేనని మాస్టారు ఆయన కళ్ళముందే వేగం పెంచారు. పది నిమిషాలు తిరక్కుండానే మాత్రల పైభాగాలు పలచటి బిళ్ళల్లా ఊడి పడటం మొదలైంది. మాస్టారు గుప్పెడు తీసి ఆయనకి చూపించి, టోపీలు తీసి మీకు నమస్కారం పెడుతున్నాయండీ అన్నారు. అల్లుడుగారు ఫోనొచ్చినట్టు నటించి వెళ్ళిపోయారు. ఊడినవన్నీ పారబోసి మళ్ళీ పాత వేగానికి వచ్చాం.

ఆ అక్కసు ఎవరిమీద తీర్చుకోవాలో ఆయనకి తెలియలేదు. ఇకమీదట ఎక్కడ పొరపాటు జరిగినా ఆ పని చేసినవాణ్ణి ఆ రోజే ఇంటికి పంపుతానని నోటీసు పెట్టారు. సరిగ్గా నాలుగో రోజు పొరపాటు జరిగింది. చేసింది నేను. అప్పటికి మా ఆవిడకి ఏడో నెల.

అచ్చులోకి పొడి ఎంత పడాలో చెప్పే స్క్రూ ఒకటుంటుంది. అది కదలకుండా ఓ నట్టు పట్టి ఉంచుతుంది. యంత్రం కడిగి బిగించేటప్పుడు ఆ నట్టుని వేళ్ళతో తిప్పాను. ఇంతలో భోజనం బెల్లు కొట్టారు. స్పానర్ వెయ్యకుండానే వెళ్ళిపోయాను. మధ్యాహ్నానికి మాత్రల తూకం తప్పింది. తక్కెడ దగ్గరున్న మాస్టారు గబుక్కున యంత్రం ఆపి, నట్టు చూసి, నావైపు చూశారు. రెండు డ్రమ్ముల మాత్రల మీద ఎర్ర చీటీ అంటించారు, పారెయ్యమని.

అల్లుడుగారు పరుగున వచ్చారు. "ఎవడి పని ఇది? పేరు చెప్పండి."

చెప్పేద్దామని ముందుకొచ్చాను. మాస్టారు నా కాలు తొక్కారు.

"నాయనమ్మ అలిగిందండీ."

"యంత్రం అలగడమేంటయ్యా?"

"ముసలి ప్రాణం కదండీ. పొద్దున మీరు ఇటుగా వెళ్తూ పలకరించలేదు."

అల్లుడుగారి మొహం కందగడ్డైంది. మమ్మల్ని వదిలేసి యంత్రం వైపు తిరిగి పావుగంట దాన్నే తిట్టారు. మేమంతా తలలు దించుకుని విన్నాం. అది మాత్రం దించుకోలేదు. గొంతు బొంగురుపోయాక, మాస్టారు అందించిన రోజువారీ పుస్తకంలో సంతకం గీకి వెళ్ళిపోయారు.

ఆయన వెళ్ళాక ఆ పుస్తకం చూశాను. మాస్టారి వంకర అక్షరాల్లో అన్నీ ఉన్నాయి. నట్టు వదులు, తూకంలో తేడా, రెండు డ్రమ్ములు పారబోత, మిగతావి మళ్ళీ పరీక్షకి. బాధ్యుడు అన్నచోట ఆయన పేరుంది. దానికిందే అల్లుడుగారి సంతకం.

"మీ పేరెందుకు రాశారు మాస్టారూ?"

"రోగి నోట్లోకి పోయే సరుకు. తప్పు జరిగితే పుస్తకంలో ఉండాల్సిందే. ఈ గదికి పెద్దవాణ్ణి నేను, నా పేరే ఉండాలి."

"ఆయన చదివుంటే?"

"చదివే అలవాటుంటే కంపెనీ ఇలా ఎందుకుంటుందిరా?"

ఏడుపొచ్చేలా ఉండి మాట మార్చాను. నాయనమ్మ నిజంగానే మీతో మాట్లాడుతుందా అని అడిగాను.

"ఇనుము మాట్లాడుతుందా, పిచ్చోడా. బేరింగు చప్పుడు వింటాను, అంతే. మనిషి పేరు చెబితే మనిషి మీద పడతారు. దీనిమీద పడితే వాళ్ళ గొంతే నొప్పి." పుస్తకం మూసి అన్నారు. "నీ వయసులో నేనూ ఓ నట్టు మర్చిపోయాను. అప్పటి మాస్టారు నా పేరు చెప్పాడు."

"ఏం చేశారు మిమ్మల్ని?"

"ఇంటికి పంపారు. మా బావమరిది అద్దాల కొట్లో చేరాను. ఆర్నెల్లలో పదిహేడు అద్దాలు పగలగొట్టాను. చివరికి వాడే ఇక్కడికొచ్చి, అందరి కాళ్ళూ పట్టుకుని నన్ను మళ్ళీ చేర్పించాడు."

చెప్పి స్పానర్ నా చేతిలో పెట్టారు. నట్టు బిగించాను. ఒకసారి, రెండోసారి, మూడోసారి. నాలుగోసారి బలమంతా పెట్టబోతుంటే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"ఇంక చాలు, త్రెడ్ పోతుంది. కృతజ్ఞత ఉంటే మనసులో ఉంచుకో. నట్టు మీద చూపించకు."